వయ్యారిభామకు సన్మానం

మీ సర్వీసులో మీరు చేసిన ఘనకార్యం ఏమిటి సార్ అని ఈ మధ్య ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి నన్ను అడిగింది. రెడ్డిగూడెం మామిడి తోటల్లో తేనెమంచు పురుగు మీద నేను చేసిన యుద్ధాలు చెబుతానని ఆశపడి, ఫోను బయటికి తీసి రికార్డింగు కూడా పెట్టుకుంది. నేను ఉన్నమాట చెప్పాను. తిరువూరులో ఒక సర్కారు ఆఫీసు ముందు, ఫోటోగ్రాఫరు సాక్షిగా వయ్యారిభామకు సన్మానం జరిగిందనీ, ఆహ్వాన సంఘంలో నేనూ ఉన్నాననీ చెప్పాను. ఆ అమ్మాయి మర్యాదగా రికార్డింగు ఆపేసింది. మీరైనా చివరిదాకా చదువుతారని రాస్తున్నాను.

వయ్యారిభామ అంటే తెలియని అదృష్టవంతుల కోసం ఒక మాట. కొత్తిమీరలాంటి ఆకు, నడుమెత్తు కాడ, పైన బియ్యపు నూకలు చల్లినట్టు తెల్లటి పూలు. రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో, ఎవరూ పట్టించుకోని చోటల్లా ఉంటుంది. ఎక్కడి నుంచో గోధుమలతో పాటు ఓడెక్కి మన దేశానికి వచ్చిందని చెబుతారు. ముట్టుకుంటే దురద, పీలిస్తే తుమ్ములు, కొందరికి ఆయాసం. పేరు పెట్టినవాడెవడో గానీ మహా రసికుడు.

ఏ ఆఫీసో చెప్పను. ఆకుపచ్చ గేటు, గేటు పక్కన ఎన్నడూ ఆరని బురద, లోపల పని చేస్తున్నట్టు కనిపించే మేము. ఇలాంటివి మన జిల్లాలో చాలానే ఉన్నాయి కాబట్టి వెతకవద్దు. రిటైరు కావడానికి కొద్ది కాలం ముందు నన్ను అక్కడికి వేశారు. తోటల వెంట తిరగడం నా పని. సాయంత్రం వచ్చి రిపోర్టు రాసి ఇంటికి పోయేవాణ్ణి. హాయిగా ఉండేది.

ఆ హాయి మా సారు శిక్షణకు వెళ్ళి వచ్చేదాకానే. మా సారు మంచివారే. వయసులో నాకంటే చాలా చిన్న, హోదాలో చాలా పెద్ద. పర్యావరణం మీద ఏదో పెద్ద నగరంలో, ఏసీ హాలులో శిక్షణ ఇచ్చారట. అక్కడ ఒక సంచీ, ఒక పెన్ను, ఒక మాట ఇచ్చి పంపారు. సంచీ వాళ్ళింటికి వెళ్ళింది. మాట ఆఫీసుకు వచ్చింది.

"నేటివ్ ప్లాంట్స్ అండీ," అన్నారు సోమవారం మీటింగులో. "మన ముందున్న జాగాలో అన్నీ దేశవాళీ మొక్కలే ఉండాలి. జిల్లాలో మనదే మొదటిది కావాలి. మీరు మొక్కల మనిషి కదా, ఎంపిక చేయండి."

జాగా అంటే పెద్దగా ఊహించుకోకండి. జీపు షెడ్డుకూ ప్రహరీకీ మధ్య, రెండు నులక మంచాలు వేస్తే మూడోదానికి చోటు దొరకనంత. అందులో అప్పటికే ఎండిన లాను, రంగు వెలిసిన క్రోటన్లు, ముందటి సారు నాటించిన, కోనోకార్పస్ అనే దుబాయి మొక్కల వరుస ఉన్నాయి. ఆ ముందటి సారు కూడా ఒక శిక్షణకు వెళ్ళి వచ్చినవారే.

ఎంపిక నాదని చెప్పారే గానీ, మరునాడు ఉదయానికి ఆఫీసంతా వృక్షశాస్త్రవేత్తలైపోయారు. మా సీనియర్ అసిస్టెంటు ఇంటి నుంచి కాగితం పూల కొమ్మ తెచ్చాడు.

"మా తాతగారి నాటి నుంచి మా అరుగు మీదే ఉందండి. ఇంతకంటే దేశవాళీ ఏముంటుంది?"

"మీ తాతగారు దేశవాళీయే అండి. ఇది మాత్రం బ్రెజిల్ నుంచి వచ్చింది," అన్నాను.

జీపు డ్రైవరు నెమలి అనే ఊరు వెళ్ళి వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని, వస్తూ వస్తూ ఎవరింట్లోనో ఒక దేవగన్నేరు కొమ్మ విరుచుకొచ్చాడు. దేవుడి పేరు ఉంది కదా అని అతని ధీమా. అది సముద్రం అవతలిదని చెప్పాను. "గుళ్ళో ఉండే చెట్టుని అలా అంటే కళ్ళు పోతాయి సార్," అన్నాడు. అప్పటిదాకా మౌనంగా ఉన్న సూపరింటెండెంటు గారు, ఈ గొడవలన్నీ ఎందుకు, ఒక సీతాఫలం వేసి ఊరుకోండి అన్నారు. అదీ అమెరికా ఖండం సరుకేనని చెప్పక తప్పలేదు. ఆయన రోజూ రామనామం రాసే మనిషి. సీతమ్మవారి పేరున్న చెట్టును పరాయిది అన్నందుకు నాతో కొన్నాళ్ళు కాగితాల ద్వారానే మాట్లాడారు.

నా పద్ధతి వేరు. చిన్న తోటకు మొక్కలు ఎంచుకోవాలంటే నర్సరీకి వెళ్ళకూడదు, మే నెల మధ్యాహ్నం బండి తీసుకుని ఊరి బయటికి వెళ్ళాలి. ఎవరూ నీళ్ళు పోయకుండా, ఎవరూ కంచె కట్టకుండా, ఆ ఎండలో ఏది పచ్చగా నిలబడి ఉందో చూడాలి. అది మీ మట్టికి సొంత మనిషి. పెనుగొలను పొలం గట్ల మీద తుమ్మి, కొండపిండి దొరికాయి. రెడ్డిగూడెం తోటల కంచెల వెంట అడ్డసరం, ముళ్ళగోరింట. మా ఎర్రనేలలో ఎక్కడ చూసినా తంగేడే. నేలకు అతుక్కుని నీలి కళ్ళతో చూసే విష్ణుక్రాంతం కోసం మాత్రం కొంచెం తిరిగాను. పొడుగు మొక్కలు గోడ వారగా, పొట్టివి ముందుకు, పాకేవి అంచున. ఏదీ పెరిగి కిటికీ మూయకూడదు, ఏదీ పక్కదాని మెడ మీద కూర్చోకూడదు. ఆఫీసులో కుర్చీలు వేసేటప్పుడు కూడా ఈ సూత్రం పాటించి ఉంటే బాగుండేది.

తొలకరికి నాటాము. నాటాము అంటే ఆమె నాటింది, నేను చెట్టు నీడలో నిలబడి చెయ్యి చూపించాను.

ఆమె మా తోటమాలి. ఔట్‌సోర్సింగు మనిషి, నలభై దాటిన ముస్లిం స్త్రీ. పొద్దున్నే వచ్చి బురఖా తీసి మోటారు గది తలుపుకు తగిలించి, కొంగు బిగించి పనిలో దిగేది. భర్త ఇదివరకు గంపలగూడెం రూటులో ఆటో నడిపేవాడు. చూపు మందగించి ఆటో మానేశాక ఇల్లు గడిచేది ఈమె జీతం మీదే. పనిలో ఎంత నిఖార్సో, నా మొక్కల మీద అంత చులకన. ఆమెకు గులాబీలంటే ప్రాణం, క్రోటన్లంటే గౌరవం.

"సార్, రోడ్డు మీద ఉన్నవాటిని తెచ్చి లోపల పెట్టించారు. లోపల ఉన్నవాటిని రోడ్డు మీద పారేయించారు. మా వీధిలో చెబితే నవ్వుతున్నారండి," అనేది.

"ఎందుకమ్మా నవ్వడం?"

"పిచ్చి మొక్కలకి నీళ్ళు పోసే ఉద్యోగం ఎక్కడన్నా ఉందా అంటున్నారు."

పిచ్చి మొక్క. తెలుగులో నాకు ఎన్నడూ అర్థం కాని మాట ఇదే. మనకు పేరు తెలియని ప్రతి మొక్కా పిచ్చిదే. తుమ్మి పిచ్చిది, కొండపిండి పిచ్చిది. మందుకు పనికొచ్చిన రోజున మూలిక అవుతుంది, మరునాటికి మళ్ళీ పిచ్చెక్కుతుంది. ఇందులో పిచ్చి ఎవరిదో అడిగేందుకు మొక్కలకు నోరు లేదు కాబట్టి మన పరువు దక్కుతోంది.

ఆమె విసుక్కుంటూనే వాటిని పెంచింది. వారం వారం కూర్చుని కలుపు తీసేది. ముఖ్యంగా వయ్యారిభామ. గేటు బయట దానిదే రాజ్యం కాబట్టి లోపలికి విత్తనాలు ఎగిరి వచ్చేవి. చేతులకు పాల కవర్లు తొడుక్కుని, ముక్కుకు కొంగు కట్టుకుని, మొలక దశలోనే లాగేసి, మూటకట్టి, దూరంగా తగలబెట్టి వచ్చేది. అయినా మోచేతుల దాకా దద్దుర్లే. ఈ పని మా సారు ఎప్పుడూ చూడలేదు. ఆయన వచ్చే వేళకు అది అయిపోయేది.

చలికాలం గడిచింది, ఎండాకాలం గడిచింది. చుట్టుపక్కల ఆఫీసుల క్రోటన్లన్నీ మాడిపోయినా మా మొక్కలు నిలబడ్డాయి. తంగేడు పూసింది. సీతాకోకచిలుకలు వచ్చాయి. మా సారు వాటితో సెల్ఫీలు దిగి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ప్రతి మొక్క ముందూ దాని పేరుతో ఒక రేకు బోర్డు పాతించారు. మొక్క కంటే బోర్డు పెద్దది. పై ఆఫీసు నుంచి మేడమ్ స్వయంగా చూడడానికి వస్తారని కబురు కూడా వచ్చింది.

ఆ ఊపులో మీటింగు పెట్టి మా సారు నా తోటను వేనోళ్ళ పొగిడారు. "నీళ్ళు అక్కర్లేదు. ఎరువు అక్కర్లేదు. పురుగు మందు అక్కర్లేదు. అదండీ నేటివ్ అంటే." అందరం తలూపాం. ఆయన ఒక్క క్షణం ఆగి, అప్పుడే తట్టినట్టు అన్నారు. "మరి మాలి మాత్రం ఎందుకండీ? వచ్చే నెల నుంచి ఆ పోస్టు ఆపేద్దాం."

మళ్ళీ అందరూ తలూపారు. తలూపడం ఒకసారి మొదలుపెడితే ఆపడం కష్టం.

ఆమె నా బల్ల దగ్గరకు వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. "మొక్కలు బాగా పెంచానని తీసేస్తున్నారా సార్?" అని అడిగింది. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టే ఉంది. "ఎండిపోతే పని రాదని తీసేసేవాళ్ళు. బతికితే పని లేదని తీసేస్తున్నారు. నేను ఏం చేసుంటే ఉంచేవాళ్ళో చెప్పండి."

ఒళ్ళు మండింది. ఎండలో నిలబడ్డ మొక్కను చూపించి, ఎండలో నిలబడ్డ మనిషిని పొమ్మనడం ఏం న్యాయం? సారు గదిలోకి వెళ్ళాను.

"ఆ మొక్కలకు మనిషి కావాలండి," అన్నాను.

"మీరే కదండీ చెప్పారు, వాటంతట అవే బతుకుతాయని."

"బతుకుతాయండి. వాటి పక్కన వేరేవి కూడా బతుకుతాయి."

"వేరేవి అంటే?"

"కలుపండి. పిచ్చి మొక్కలు."

ఆయన కిటికీలోంచి తోట వైపు చూసి, గొంతు తగ్గించి అడిగారు. "ఇవి పిచ్చి మొక్కలు కావా?"

తన తోట గురించి ఆయనకు ఉన్న అసలు అభిప్రాయం అప్పుడు తెలిసింది. తేరుకుని నేను ఏదో చెప్పబోయేలోపు ఆయనే తేల్చేశారు. "పీకడానికి ప్రత్యేకంగా మనిషెందుకండీ? అవసరమైనప్పుడు చెత్త ఎత్తేవాళ్ళని పిలిపిద్దాం." ఆమె మోటారు గది తలుపు మీది బురఖా తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

అప్పుడే వానలు పట్టుకున్నాయి. నేను మామిడి తోటల్లో కొమ్మ కత్తిరింపుల పనిలో పడ్డాను. వచ్చి పోతూ చూస్తూనే ఉన్నాను. ముందు మొలకలు, తర్వాత మోకాలెత్తు, ఆ తర్వాత తెల్లపూలు. తుమ్మికీ తంగేడుకూ మధ్య వయ్యారిభామ కాళ్ళు చాపుకుని కూర్చుంది. సారుకు రెండుసార్లు చెప్పాను. "పచ్చగా నిండుగా ఉందిగా," అన్నారు. ఒక ఆదివారం నేనే కూర్చుని పీకుదామని ప్రయత్నించాను. సగంలో తుమ్ములు పట్టుకుని, కళ్ళు వాచి, మా ఆవిడ చేత చీవాట్లు తిని రెండు రోజులు మంచం మీద ఉన్నాను. వారం వారం ఆమె ఒంటి మీదికి ఏం తెచ్చుకునేదో అప్పుడు నా ఒంటికి తెలిసింది.

మేడమ్ వచ్చే రోజు రానే వచ్చింది. రెడ్డిగూడెంలో ఒక రైతుకు మాట ఇచ్చి ఉండడంతో పొద్దున్నే అక్కడికి వెళ్ళి, పది గంటల వేళకు ఆఫీసు చేరాను. గేటు బయట మేకలు పండగ చేసుకుంటున్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే అవి తింటున్నది నా ఉద్యోగ జీవితపు చివరి ఫలితం. తంగేడు వేళ్ళతో సహా. అడ్డసరం, ముళ్ళగోరింట, తుమ్మి, అంతా ఒక కుప్ప. అడ్డసరం చేదు కాబట్టి మేకలు దాన్ని మాత్రం పక్కకు నెట్టాయి.

లోపల మడిలో బోర్డులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. తంగేడు అని ఒక బోర్డు, విష్ణుక్రాంతం అని ఒక బోర్డు. వాటి వెనక వరుసలు తీరి, తలల నిండా పూలతో వయ్యారిభామ.

చెత్త ఎత్తే బృందం పెద్దాయన చేతులు కడుక్కుంటున్నాడు. ఏం చేశావయ్యా అన్నాను.

"పిచ్చి మొక్క ఒక్కటి కూడా ఉండకూడదన్నారండి సారు. బోర్డుల జోలికి పోవద్దన్నారు. పీకేశాం."

"మరి ఇది?"

"అది దురదండి. ముట్టుకుంటే రాత్రంతా గోక్కోవాలి. గ్లౌజులు ఇస్తే పీకేవాళ్ళమే, ఇవ్వలేదుగా." తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. చెప్పిన పని చేశాడు, చేతులు కాపాడుకున్నాడు. మా సారు కొత్త చొక్కాలో బయటికి వచ్చి, మడిని ఒకసారి సంతృప్తిగా చూసుకుని, "నీట్‌గా వచ్చిందండీ," అన్నారు. నేను నోరు తెరిచేలోపే కారు హారను వినబడింది.

మేడమ్ మర్యాదస్తురాలు. బొకే తీసుకున్నారు, శాలువా వద్దన్నారు. ఆ శాలువాను ఏం చేయాలో తోచక మా సీనియర్ అసిస్టెంటు విష్ణుక్రాంతం బోర్డు పైఅంచు మీంచి వెనక్కి వేశాడు. ఆ వెనకాల ఉన్న వయ్యారిభామ భుజాల మీద కూడా అది నిండుగా పడింది. సన్మానం అని నేను అన్నది ఉత్తినే కాదు. ఫోటోగ్రాఫరు అన్ని కోణాల నుంచీ తీశాడు.

"విష్ణుక్రాంతం," అని మేడమ్ బోర్డు చదివారు. "నేల మీద పాకుతుందనుకున్నానే. ఇంత ఎత్తు వస్తుందా?"

"మా దగ్గర వస్తుంది మేడమ్," అన్నారు సారు.

"తంగేడు పూలు పసుపు కదండీ?"

"ఇది తెల్ల రకం మేడమ్. లోకల్ వెరైటీ."

ఆమె పూలను చూద్దామని వంగారు. ఫోటోగ్రాఫరు ఇంకొంచెం దగ్గరగా అన్నాడు. మొదటి తుమ్ము అప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఆగలేదు. రుమాలు, మంచినీళ్ళు, కుర్చీ, హడావిడి. కాస్త కుదురుకున్నాక ఆమె ఎర్రబడ్డ కళ్ళతో చుట్టూ చూసి, జుట్టు నెరిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్నే అడిగారు. "ఏం మొక్కండీ ఇది?"

సారు నా వైపు చూశారు. ఆ చూపులో పదవీ విరమణ, పెన్షను కాగితాలు, ఇంకా చాలా ఉన్నాయి. నిజం చెబుతున్నాను, భయం వేసింది. కానీ నా బల్ల ముందు నిలబడి "నేను ఏం చేసుంటే ఉంచేవాళ్ళో చెప్పండి" అన్న తోటమాలి గొంతు ఆ భయం కంటే గట్టిగా వినబడింది.

"వయ్యారిభామ అండి," అన్నాను.

"మరి ఈ బోర్డుల్లో ఉన్న మొక్కలు?"

"గేటు బయట మేకలు తింటున్నాయండి."

ఎవరూ నవ్వలేదు. ఆమె ముక్కు తుడుచుకుని, "ఇదిక్కడ ఇంత ఎలా పెరిగింది?" అన్నారు.

"దీన్ని పీకే మనిషిని తీసేశామండి. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఇది ఒక్కటి కూడా కనబడలేదు. కనబడలేదు కాబట్టి ఆవిడ అక్కర్లేదనుకున్నాం."

మేడమ్ కారెక్కారు. కారెక్కాక కూడా తుమ్ములు వినిపించాయి. మా సారు నాతో ఆ పూటకు మాట్లాడలేదు. సూపరింటెండెంటు గారు మాత్రం సీతాఫలం గొడవ తర్వాత మొదటిసారిగా నన్ను చూసి నవ్వారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. మన ఆఫీసు తెలుగులో చదవాలి దాని అందం. తోటమాలిని "పిచ్చి మొక్కలను తొలగించు నిమిత్తము" తిరిగి తీసుకొనవలెనట. దేశవాళీ మొక్కలను పెంచు నిమిత్తమని ఎక్కడా లేదు. అందులో తప్పు చూపించబోయి ఆగిపోయాను. ఏ పేరుతో ఇచ్చినా జీతం జీతమే.

ఆమె మరునాడే వచ్చింది. బురఖా తలుపుకు తగిలించి, ముందు వయ్యారిభామ సంగతి చూసింది. తర్వాత గేటు బయట కుప్ప దగ్గర కూర్చుని, మేకలు తినగా మిగిలి, వాన తడికి వేరు బతికున్న మొక్కల్ని ఒక్కొక్కటిగా ఏరింది. "ఈ పిచ్చి మొక్కల కోసం నాకు దద్దుర్లు, మీకు తిట్లు. గులాబీలు వేసుంటే ఈ గోల ఉండేదా సార్?" అని సణుగుతూనే తంగేడును మళ్ళీ పాతి, చుట్టూ మట్టిని మునివేళ్ళతో నొక్కింది. గట్టి మొక్కలు కదా, చాలా వరకు నిలదొక్కుకున్నాయి.

నేను రిటైరయ్యాను. మా సారుకు బదిలీ అయింది, కొత్తాయన కూడా ఏదో శిక్షణకు వెళ్ళి వచ్చారని విన్నాను. మొన్న పని మీద అటు వెళితే తంగేడు గోడ దాటి పూసి ఉంది. విష్ణుక్రాంతం అంచున పాకుతోంది. చూపు తిప్పుకోబోతుంటే, సారు కిటికీకి సరిగ్గా ఎదురుగా, మూలన ఒకే ఒక్క వయ్యారిభామ నిటారుగా నిలబడి ఉంది. చుట్టూ పాదు తీసి ఉంది.

"ఇదేంటమ్మా, దీన్ని వదిలేశావు?" అన్నాను.

ఆమె చేతి కవర్లు దులుపుకుంటూ కిటికీ వైపు ఒకసారి చూసింది. "ఒకటి కనబడుతూ ఉండాలి సార్. లేకపోతే నేనెందుకు అంటారు."

నా సర్వీసంతా కనబడ్డచోటల్లా దాన్ని పీకమని రైతులకు చెప్పి చెప్పి గొంతు అరిగినవాణ్ణి. "పూత రాకముందే పీకెయ్యమ్మా," అని మాత్రం అన్నాను.

"పీకేస్తాను సార్," అంది. "పక్కన ఇంకోటి మొలిచింది, అది కొంచెం ఎదగాలి."